బరువు తగ్గే ఆపరేషన్‌ని రెండుసార్లు వాయిదా వేశాను.. ఈసారీ భయంగానే ఉంది

ప్రశ్న: నా వయసు 39. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 108 కిలోలు. ఏడేళ్లుగా షుగర్ ఉంది. నిద్రలో ఊపిరి ఆగుతోందని మిషన్ పెట్టుకుని పడుకోమన్నారు. డైటింగులు, జిమ్, మందులు అన్నీ అయ్యాయి. పది కిలోలు తగ్గితే పన్నెండు పెరుగుతున్నాను. చివరికి డాక్టర్లు స్లీవ్ సర్జరీ చేయించుకోమన్నారు. టెస్టులయ్యాయి, డేటూ ఇచ్చారు. రెండుసార్లు ఏదో వంక చెప్పి నేనే వాయిదా వేశాను. మూడో డేట్‌కి ఇంకా నెల ఉంది. అర్ధరాత్రి మెలకువ వస్తే ఫోన్‌లో ఆపరేషన్ వీడియోలు చూస్తూ కూర్చుంటున్నాను. మత్తిచ్చాక నేను లేవకపోతే మా పాప గతేంటి? దానికి పన్నెండేళ్లు. మావారేమో ‘నోరు కట్టుకుంటే పోయేదానికి కడుపు కోయించుకోవడమెందుకు’ అంటారు. అత్తగారికి ఇంకా చెప్పలేదు. ఇది కూడా ఫెయిలైతే ఇక దారేముంది? నలుగురిలో తలెత్తుకోలేను. నా చేతకానితనం వల్లే కదా ఇంతదాకా వచ్చింది! ఈ భయం పోయేదెలా?

జవాబు: మత్తు గురించి మీరు రాసింది ఒకే ఒక్క వాక్యం. మిగతా ఉత్తరమంతా ఫెయిలవడం, చేతకానితనం, నలుగురూ ఏమంటారోనన్న బాధే. ఇంకో సంగతీ నా కంటపడింది. రెండుసార్లూ వంక చెప్పే వాయిదా వేశానన్నారు. అంటే మీరింత భయపడుతున్నారని సర్జన్‌కి తెలీదు, మత్తు డాక్టర్‌కి తెలీదు, ఇంట్లోనూ ఎవరికీ తెలీదు. తెలిసిందల్లా మీ ఫోన్‌కే. అది మీకు ధైర్యం చెప్పదు. ఒక భయంకరమైన వీడియో చూశారంటే అలాంటివే ఇంకో పది తెచ్చి ముందు పెడుతుంది. ఆపరేషన్ బాగా జరిగి ఎవరి పనుల్లో వాళ్లు పడిపోయినవాళ్లు వీడియోలు పెట్టేది తక్కువ. రాత్రిపూట ఆ ఫోన్‌ని వేరే గదిలో పెట్టండి. మెలకువ వచ్చినప్పుడు మనసులోకి వచ్చిన ప్రశ్నని ఒక కాగితం మీద రాసి పడుకోండి. ఆ కాగితంతో పనుంది, తర్వాత చెబుతాను.

ముందు మత్తు సంగతి. అనుభవం ఉన్న సెంటర్లలో ఈ ఆపరేషన్ తర్వాత నెలలోపు ప్రాణం పోయే ప్రమాదం సుమారు వెయ్యి మందిలో ఒకరికి. గాల్‌బ్లాడర్ తీయించుకునేవాళ్లకి ఉండే రిస్కు కూడా దాదాపు ఇంతే. అసలు రిస్కే లేదని నేను అనను, మీ డాక్టరూ అనరు. మీ విషయంలో మత్తు డాక్టర్ ప్రత్యేకంగా దృష్టి పెట్టేది నిద్రలో ఊపిరి ఆగే సమస్య మీద. ఆ మిషన్ రోజూ వాడుతున్నారా? చాలామంది ముఖానికి ఇబ్బందిగా ఉందని నాలుగు రోజులు వాడి మూలన పడేస్తారు. ఈ నెల రోజులూ దాన్ని మానకుండా వాడటం, ఆసుపత్రికి వెంట తీసుకెళ్లడం మీ క్షేమం కోసం మీరు చేయగలిగిన పని. భయం తగ్గుతుందనో నిద్ర పడుతుందనో ఎవరో ఇచ్చిన మాత్రలు మాత్రం మింగకండి. ఊపిరి సమస్య ఉన్నవాళ్లకి కొన్ని నిద్రమాత్రలు ప్రమాదం. ఆపరేషన్ రోజు టెన్షన్ తగ్గడానికి ఏమైనా ఇవ్వొచ్చా అని మత్తు డాక్టర్‌నే అడగండి. బరువు కోసం వారం వారం ఇంజెక్షన్ తీసుకుంటుంటే అదీ తప్పకుండా చెప్పండి. ఆ మందులతో పొట్ట నిదానంగా ఖాళీ అవుతుంది, దాన్నిబట్టి వాళ్లు జాగ్రత్తలు తీసుకుంటారు.

ఇక చేతకానితనం. ఈ మాట మీ నోట రావడం నాకు కష్టమనిపించింది. మీవారు అన్నదీ, మీలో మీరు అనుకుంటున్నదీ ఒకటే. నోరు కట్టుకోలేకపోయాను కాబట్టి కడుపు కోయించుకోవాల్సి వస్తోందని మీ లెక్క. కానీ మీరు నోరు కట్టుకున్నారు కదా! పది కిలోలు ఊరికే తగ్గాయా? తగ్గాక ఏం జరిగిందో చూడండి. బరువు తగ్గినప్పుడల్లా శరీరం దాన్ని కరువుగా లెక్కేసుకుంటుంది. ఆకలి పుట్టించే హార్మోన్లు పెరుగుతాయి, కూర్చున్నా పడుకున్నా ఖర్చయ్యే శక్తి తగ్గిపోతుంది. ఇది రెండు మూడు వారాల ముచ్చట కాదు, ఏడాది తర్వాత కూడా అలాగే ఉంటుందని పరిశోధనల్లో తేలింది. ఎంత పట్టుదల ఉన్నవాళ్లయినా ఏళ్ల తరబడి ఆకలితో పోరాడుతూ గెలవడం అరుదు.

స్లీవ్ ఆపరేషన్ పనిచేసేది సరిగ్గా ఇక్కడే. పొట్టలో దాదాపు ముప్పావు వంతు తీసేస్తారు. తక్కువ తింటే చాలు కడుపు నిండుతుందన్నది సగం సంగతే. గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది పొట్ట పైభాగంలో. తీసేసే ముక్కలో అదీ పోతుంది కాబట్టి ఆకలి పిలుపే నెమ్మదిస్తుంది. ఇన్నాళ్లూ మీరొక్కరే ఒంటితో కొట్లాడారు, ఆపరేషన్ తర్వాత ఒళ్లు కూడా కొంత మీ వైపుకి వస్తుంది. దీన్ని దొడ్డిదారి అనేవాళ్లుంటారు. అనుకోనివ్వండి. ఆపరేషన్‌కి ముందు వారం రెండు వారాలు లివర్ కుదించుకుపోవడానికి ఇచ్చే డైట్‌ని వాళ్లొకసారి చేసి చూస్తే ఆ మాట మళ్లీ అనరు.

ఇది కూడా ఫెయిలైతే అన్నారు. ఏం జరిగితే ఫెయిలైనట్టు? యాభై అయిదు కిలోలకి రాకపోతేనా? అలా అనుకుంటే ఇప్పుడే చెబుతున్నాను, అది జరగకపోవచ్చు. స్లీవ్ తర్వాత ఏడాది, ఏడాదిన్నరలో ఒంటి బరువులో నాలుగో వంతు తగ్గడం మామూలు. మీ లెక్కన పాతిక కిలోల పైచిలుకు. రెండేళ్లు దాటాక అందులో కొంత తిరిగి రావడమూ మామూలే. మీ షుగర్ ఏడేళ్లది కాబట్టి పూర్తిగా పోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, మందులు తగ్గే అవకాశం మాత్రం బాగా ఉంది. ఊపిరి మిషన్ అవసరం కూడా చాలామందికి తగ్గుతుంది. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లనీ చేయించుకోనివాళ్లనీ కలిపి నాలుగు వేల మందికి పైగా ఏళ్ల తరబడి గమనించారు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో మరణాలు తక్కువగా ఉన్నాయని 2007లో వెలువడిన ఫలితాల్లో తేలింది. అప్పటి పద్ధతులు వేరు, ఇప్పుడు చేసేవి అంతకంటే మెరుగైనవి. మీ బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువెంత ఎక్కువో చెప్పే లెక్క, 43 దాటింది. 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం అది 35 దాటితే, ఇతర జబ్బులు లేకపోయినా ఈ ఆపరేషన్ సూచించవచ్చు. మీకు షుగర్, ఊపిరి సమస్య రెండూ ఉన్నాయి. డాక్టర్లు తొందరపడి చెప్పిన మాట కాదిది.

అలాగని ఇబ్బందులు దాచను. తీసేసిన పొట్ట తిరిగి రాదు. కుట్ల దగ్గర లీకవడం, రక్తస్రావం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం అరుదే కానీ లేకపోలేదు. ఆపరేషన్ అయిన రోజే లేపి నడిపించేది ఆ గడ్డల భయంతోనే. నొప్పిగా ఉందని మంచం దిగకుండా ఉండకండి. స్లీవ్ తర్వాత కొందరికి గుండెల్లో మంట ఎక్కువవుతుంది. మీకిప్పటికే అది బాగా ఉంటే స్లీవ్ బదులు గ్యాస్ట్రిక్ బైపాస్ (గుండెది కాదు, పొట్టని చిన్నది చేసి పేగుకి కలిపే ఆపరేషన్) మేలేమో అడగండి. విటమిన్లు జీవితాంతం వాడాలి, రక్త పరీక్షలు మానకూడదు. మూడో నెల నుంచి జుట్టు ఊడొచ్చు, చాలామందికి తిరిగి వస్తుంది. చర్మం వేలాడుతుంది. పిల్లలు ఇంకా కావాలనుకుంటే ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోమంటారు.

మొదటి వారాల గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ముందే చెప్పకపోతే అక్కడే జనం బెంబేలెత్తిపోతారు. మందు కొలిచే చిన్న కప్పులో 30 మిల్లీలీటర్ల నీళ్లిస్తారు. గటగటా తాగేద్దామనిపిస్తుంది, కానీ గుక్క గుక్కకీ ఆగుతూ తాగాలి. తొందరపడితే ఛాతీలో ఏదో అడ్డుపడినట్టు పట్టేస్తుంది. ఆపరేషన్ చేసేటప్పుడు పొట్టలోకి పంపిన గ్యాస్ వల్ల భుజం నొప్పెడుతుంది. ‘ఇదెక్కడి నొప్పి, ఏమైనా తేడా చేశారా’ అని గాభరా పడతారు, రెండు మూడు రోజుల్లో అదే పోతుంది. నీళ్ల లాంటి ద్రవాలు, తర్వాత చిక్కటివి, తర్వాత మెత్తనివి.. మామూలు తిండికి వచ్చేసరికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈలోగా ఏదో ఒక సాయంత్రం, ఇంట్లో అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు, ‘ఎందుకు చేయించుకున్నానురా దేవుడా’ అని మీకు ఏడుపొస్తుంది. చాలామందికి వస్తుంది. ఇన్నేళ్లూ కోపమొస్తే, దిగులేస్తే, ఒంటరిగా అనిపిస్తే తిండి ఒక ఊరట. అది ఒక్కసారిగా చేయి వదిలేస్తే బెంగ పడటం సహజం. ఆ సమయంలో ఎవరికి ఫోన్ చేస్తారో ఆ మనిషిని ఇప్పుడే అనుకుని పెట్టుకోండి. బెంగ వారాలు గడిచినా తగ్గకపోతే, బతకాలనిపించకపోతే, ఒక్కరోజు కూడా ఆగకుండా డాక్టర్‌కి చెప్పాలి. డిప్రెషన్‌కి ఇప్పటికే మందులు వాడుతుంటే, ఆపరేషన్ తర్వాత అవి ఒంటికి పట్టే తీరు మారొచ్చు కాబట్టి అదీ ముందే చెప్పండి.

మీవారి మాటకొద్దాం. ‘నోరు కట్టుకుంటే పోయేదానికి’ అన్నప్పుడు ఆయన మిమ్మల్ని తక్కువ చేస్తున్నట్టు వినిపిస్తుంది. తక్కువ చేయడం కొంత ఉంది కూడా. కానీ భార్యని ఆపరేషన్ బల్ల మీద ఊహించుకోలేక విసుక్కునే మగవాళ్లు నాకు చాలామంది తెలుసు. భయంగా ఉందని చెప్పడం వాళ్లకి చేతకాదు. ఇంట్లో ఈ వాదన గెలవాలని చూడకండి. ఆయన్ని సర్జన్ దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టండి. ఆ ‘నోరు కట్టుకోవడం’ ప్రశ్న అక్కడే, మీ ముందే, డాక్టర్‌నే అడగమనండి. అప్పటికీ ఒప్పుకోకపోతే? ఒళ్లు మీది, నిర్ణయమూ మీదే. ఆయన్నుంచి మీకు కావాల్సింది మొదటి వారం రోజుల చేయూత. అది దొరక్కపోతే మీ అమ్మగారినో అక్కచెల్లెళ్లనో రమ్మని అడగండి. అత్తగారు మీతోనే ఉంటున్నట్టయితే చెప్పడమే మంచిది, నాలుగు చెంచాలు తాగి లేచిపోయే కోడల్ని ఎన్నాళ్లని దాస్తారు? బంధువులకీ ఆఫీసువాళ్లకీ ‘పొట్ట ఆపరేషన్’ అంటే చాలు, అంతకుమించి ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. పాపకి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి. పన్నెండేళ్ల పిల్ల గుసగుసలు విని ఊహించుకునేది అసలు సంగతి కంటే భయంకరంగా ఉంటుంది. ఎన్ని రోజులు ఆసుపత్రిలో ఉంటారో, ఆ రోజుల్లో తన దగ్గర ఎవరుంటారో చెబితే దాని మనసు కుదుటపడుతుంది.

ఇక రాత్రుళ్లు రాస్తున్న ఆ కాగితం. దాన్ని తీసుకుని సర్జన్‌తో, మత్తు డాక్టర్‌తో, ఆపరేషన్‌కి ముందు కలవమనే సైకాలజిస్ట్‌తో మాట్లాడండి. సైకాలజిస్ట్ దగ్గర చాలామంది పరీక్ష రాస్తున్నట్టు బిగుసుకుపోయి ‘నాకేం టెన్షన్ లేదండీ’ అంటారు. మీరు అలా అనొద్దు. అర్ధరాత్రి వీడియోలు, రెండు వాయిదాలు, చాటుగా తినే అలవాటేదైనా ఉంటే అదీ చెప్పేయండి. అవి చెబితే రిజెక్ట్ చేస్తారని కాదు, ముందే తెలిస్తే సాయం చేయగలరు. జవాబు దొరికిన ప్రశ్నని కొట్టేయండి. చివరికి ‘ఏమో, ఏమైనా జరిగితే’ లాంటివి ఒకటి రెండు మిగిలిపోతాయి. వాటికి ఎవరి దగ్గరా జవాబుండదు, వాటితోనే వెళ్లాలి. థియేటర్‌లో పడుకోబెట్టాక గుండె దడదడలాడితే ఊపిరి మామూలుగా తీసుకుని, వదిలేటప్పుడు మాత్రం నిదానంగా ఎక్కువసేపు వదలండి. దీన్ని ఇవాళ్టి నుంచే రోజూ పడుకునే ముందు అయిదు నిమిషాలు చేయండి. ఆ రోజు కొత్తగా మొదలుపెడితే పనిచేయదు.

అడగాల్సినవన్నీ అడిగాక కూడా ఈ ఆపరేషన్ మీకోసం కాదు, ఎవరి మాటలకో తట్టుకోలేక చేయించుకుంటున్నానని అనిపిస్తే ఆగండి. ఆగడం తప్పు కాదు. కొత్త రకం ఇంజెక్షన్లు, సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ లాంటివి మీరు ఇంతకుముందు వాడి ఉండకపోతే వాటి గురించీ అడిగి తెలుసుకోవచ్చు, మానేస్తే బరువు తిరిగి వస్తుందన్నది తెలిసే. కానీ ఈసారి వాయిదా వేసేటప్పుడు జ్వరమనో చుట్టాలొచ్చారనో చెప్పకండి. ‘భయంగా ఉంది, ఒకసారి మాట్లాడాలి’ అనండి.

ఈ వారంలోనే షుగర్ డాక్టర్‌నీ కలవండి. ఆపరేషన్ ముందు డైట్‌లో తిండి బాగా తగ్గుతుంది కాబట్టి మాత్రల డోసు తగ్గించాల్సి రావచ్చు, కొన్ని పూర్తిగా ఆపమంటారు. సొంతంగా మాత్రం మార్చకండి. మీవారిని ముందు ఈ అపాయింట్‌మెంట్‌కే తీసుకెళ్లండి. సర్జన్ గది కంటే ఇక్కడ ఆయనకి కాస్త తేలిగ్గా ఉంటుంది.