లాయర్‌కు ‘20 ఏళ్ల అనుభవం’ అంటే సరిపోతుందా?

ప్రశ్న: మా ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ లోన్ ఎన్‌పీఏ (మొండి బకాయి) అయింది. నా పేరున ఉన్న ఇల్లు తనఖా పెట్టి, హామీ సంతకం కూడా చేశాను. బ్యాంకు సర్ఫేసీ (తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకుని బాకీ రాబట్టుకునే చట్టం) నోటీసు పంపింది. దివాలా, బిజినెస్ కేసుల్లో 20 ఏళ్ల అనుభవం ఉందంటూ ఒక లాయర్ రూ.3 లక్షల అడ్వాన్స్ అడుగుతున్నారు. పీపీఎఫ్ నుంచి తీసి ఇవ్వమంటారా?

జవాబు: వద్దు. మీ అప్పుల కోసం పీపీఎఫ్ ఖాతాలోని డబ్బును కోర్టు కూడా జప్తు చేయలేదు. బయటికి తీస్తే ఆ రక్షణ పోతుంది.

ఇక అనుభవం సంగతి. దివాలా స్మృతి (ఐబీసీ) వచ్చిందే 2016లో. అంతకుముందు ఆయన సివిల్ దావాలు చూశారో, డీఆర్‌టీలో (బ్యాంకు బాకీల వసూలు ట్రిబ్యునల్) బ్యాంకుల తరఫున వసూళ్ల కేసులు నడిపారో కనుక్కోండి. బ్యాంకుల వైపు పనిచేయడం తప్పేమీ కాదు, వాళ్ల ఎత్తులు తెలిసే ఉంటాయి. మీ బ్యాంకు ప్యానెల్‌లో ఇప్పటికీ ఉన్నారా అని మాత్రం సూటిగా అడగండి. అప్పు తీసుకున్నవాళ్ల తరఫున ఈమధ్య వాదించిన కేసుల నంబర్లు తీసుకోండి. ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్), డీఆర్‌టీ ఆర్డర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. విజిటింగ్ కార్డు కన్నా నేను వాటినే నమ్ముతాను. ‘ఇన్‌సాల్వెన్సీ ప్రొఫెషనల్’ (దివాలా ప్రక్రియ నడిపే నిపుణుడు) అని కూడా చెప్పుకుంటే, వాళ్లను నియంత్రించే ఐబీబీఐ వెబ్‌సైట్‌లోని జాబితాలో పేరుందేమో చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఒక ప్రశ్న వేయండి: ‘కంపెనీని ఎన్‌సీఎల్‌టీకి తీసుకెళ్తే నా ఇల్లు నిలుస్తుందా?’ నిలుస్తుందని భరోసా ఇస్తే లేచి వచ్చేయండి. అక్కడ దొరికే మారటోరియం (వసూళ్లకు తాత్కాలిక బ్రేక్) కంపెనీకే. హామీదారుకు అది వర్తించదని 2018 సవరణలోనే తేల్చేశారు. పైగా పిటిషన్ అడ్మిట్ అయితే కంపెనీ పగ్గాలు మీ చేతిలోంచి వెళ్లిపోతాయి. ఈ రెండూ మీరు అడగకముందే చెప్పే లాయర్ దొరికితే వదులుకోకండి, ఫీజు కాస్త ఎక్కువైనా సరే.

టెన్షన్‌లో గడువు మర్చిపోకండి. నోటీసు తేదీ నుంచి మీకున్నది 60 రోజులు. ఈలోగా రాతపూర్వకంగా అభ్యంతరాలు పంపితే బ్యాంకు 15 రోజుల్లో బదులివ్వాలి. ఆ తర్వాత ఇంటిని స్వాధీనం చేసుకోవడానికి దిగితే, 45 రోజుల్లోపు డీఆర్‌టీకి వెళ్లొచ్చు. అంటే ఈ నెలలో మీకు కావాల్సింది నోటీసుకు గట్టి జవాబు ఒక్కటే. దానికి మాత్రమే ఫీజు మాట్లాడుకోండి. మిగతాది దశలవారీగా ఇస్తామని కాగితం మీద రాయించుకుని, నగదుగా కాకుండా బ్యాంకు ద్వారానే చెల్లించండి.

మరోపక్క ఓటీఎస్ (ఒకేసారి కొంత కట్టి బాకీ తెంచుకునే ఒప్పందం) కోసం బ్రాంచిలో దరఖాస్తు పెట్టండి. ఆ సొమ్ము ఎక్కడినుంచి సర్దగలరో వివరాలు రాస్తే, ఎంతవరకు ఒప్పుకోవచ్చో లెక్కవేసి చెప్తాను.