మా అమ్మాయి పోర్చుగీసు నేర్చుకుంటోంది, ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి నిరుడు బీఫార్మసీ పూర్తిచేసింది. క్యాంపస్‌లో ఉద్యోగం రాలేదు. ఫారిన్ లాంగ్వేజ్ వస్తే ఎంఎన్‌సీల్లో పెద్ద జీతాలని వీడియోలు చూసి ఆన్‌లైన్‌లో పోర్చుగీసు కోర్సులో చేరింది. మూడు నెలల్లో ఉద్యోగానికి రెడీ చేస్తామన్నారు, ఇప్పుడు ఐదో నెల నడుస్తోంది. ఎన్ని మాటలు వచ్చాయని రోజూ రాత్రి అడుగుతూనే ఉన్నాను. ఇంటర్వ్యూ కోసమని ఇంగ్లిష్ మాటలకు పోర్చుగీసు మాటలు పట్టిక రాసుకుంటోంది, ఒక పేజీ ఫొటో పంపుతున్నాను. మా తోడల్లుడి కొడుకు జర్మన్ నేర్చుకుని ఆ దేశం వెళ్లిపోయాడు. పోర్చుగీసు మంచిదా, జర్మన్ మంచిదా? ఇది మాన్పించి ఎంఫార్మసీలో చేర్పించమంటారా? (ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: అయ్యా, మీరు రెండు భాషల గురించి అడిగారు గానీ మీ బెంగ వాటి గురించి కాదని ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది. ఏడాదిగా డిగ్రీ చేతిలో పెట్టుకుని అమ్మాయి ఇంట్లో ఉంది. ‘మీ పాప ఏం చేస్తోంది’ అని పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే చెప్పడానికి మీకు తడబాటుగా ఉంది. ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి, భాష పేరు మాత్రమే మారుతుంది. అందుకే ముందు ఈ మాట చెప్పనివ్వండి: మీ అమ్మాయి ఏడాది వృథా కాలేదు. ఫార్మసీ చదివి, పైన ఒక విదేశీ భాషను ఐదు నెలలు వదలకుండా పట్టుకున్న పిల్ల గురించి నాకు భయం లేదు. కోర్సు అమ్మినవాళ్ల మాట గురించే ఉంది.

ఆ మూడు నెలల మాట ఎంత బూటకమో లెక్క చూడండి. అమెరికా తన దౌత్యవేత్తలకు భాషలు నేర్పే సంస్థ, ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లకు సులువైన భాషల్లో పోర్చుగీసును చేర్చింది. అలాంటి సులువైన భాషకే సుమారు 600 నుంచి 750 గంటల క్లాసు పెడుతుంది. మీ అమ్మాయి రోజుకు గంట చొప్పున మూడు నెలలు కూర్చుంటే అయ్యేది 90 గంటలు. ఆమె మందబుద్ధి కాదు, సోమరి కాదు. భాషా సామర్థ్యాన్ని ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుగా కొలుస్తారు. కంపెనీలు ప్రకటనల్లో అడిగే నాలుగో మెట్టు బీ2కి ఆ గంటలు చాలవు, అంతే. ఈ లెక్క కోర్సు వాళ్లకూ తెలుసు.

‘లాంగ్వేజ్ జాబ్’ అనే ఫ్యాషన్ మీద నా అనుమానాలు కూడా దాచుకోకుండా చెబుతాను. హైదరాబాద్‌లో పోర్చుగీసు వచ్చినవాళ్లకు ఉద్యోగాలు ఉన్నమాట నిజం. కస్టమర్ సపోర్టు, కంటెంట్ మోడరేషన్ (జనం ఆన్‌లైన్‌లో పెట్టే పోస్టుల్లో అభ్యంతరకరమైనవి ఏరివేసే పని), ఇన్‌వాయిస్‌లు చూసే పని, ఇలాంటివి. ఇంగ్లిష్ ప్రాసెస్ (ఇంగ్లిష్ కస్టమర్ల పని చూసే ప్రాజెక్టు) కన్నా జీతం కాస్త మెరుగ్గానే ఉంటుంది. కానీ పోర్చుగీసు మాట్లాడే బ్రెజిల్ కస్టమర్లయితే వాళ్ల టైముకే పని చేయాలి. ఆ దేశ రాజధాని బ్రసీలియాకు మనకు ఎనిమిదిన్నర గంటల తేడా. వాళ్లకు ఉదయం 9 అంటే మనకు సాయంత్రం 5:30, వాళ్ల ఆఫీసు సాయంత్రం 6కి మూసేసరికి మనకు తెల్లవారుజామున 2:30. ఈ సంగతి ఏ వీడియోలోనూ చెప్పరు. పోర్చుగల్ ప్రాసెస్ అయితే నయం, మధ్యాహ్నం షిఫ్టుతో సరిపోతుంది. రెండోది, ఈ ఉద్యోగాలు క్లయింటు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. ప్రాజెక్టు వేరే దేశానికి తరలిపోతే భాష ఒక్కటే చేతిలో ఉన్నవాళ్లకు మళ్లీ మొదటి నుంచి వెతుకులాటే. మూడోది, మామూలు ఈమెయిల్‌ను ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చే పని ఇప్పుడు మెషీనే చేసేస్తోంది. మనిషికి మిగిలిన పని ఏమిటంటే, అవతలివాళ్లు కోపంగా ఉన్నప్పుడో, ఒప్పుకోనప్పుడో, గడువు దాటిపోయినప్పుడో వాళ్లతో మాట్లాడి సర్దుబాటు చేయడం. కంపెనీ జీతమిచ్చేది దానికే.

ఇప్పుడు మీరు పంపిన పేజీకి వస్తాను. అది సరిగ్గా ఆ విషయం మీదే ఉంది గనుక కాస్త వివరంగా చూడాలి. పైన ‘చర్చించడానికి వాడే మాటలు’ అని శీర్షిక పెట్టింది. ఎడమవైపు ఇంగ్లిష్, కుడివైపు పోర్చుగీసు. చేతిరాత ముచ్చటగా ఉంది. డిస్కస్ ఎదురుగా జిస్కుచీర్ అని ఉంది. నిఘంటువు ప్రకారం తప్పేమీ లేదు, ‘ఫలానా విషయాన్ని చర్చించాం’ అనడానికి ఆ క్రియ పనికొస్తుంది. కానీ దాని నామవాచకం జిస్కుసౌన్‌తో ‘నిన్న క్లయింటుతో మాకు డిస్కషన్ జరిగింది’ అని చెబితే, బ్రెజిల్ మనిషి చెవికి అది మాటా మాటా పెరిగిన సంగతిగా వినిపిస్తుంది. మామూలుగా కూర్చుని మాట్లాడుకున్నామనడానికి వాళ్లు కొన్వెర్సార్ అంటారు, పద్ధతిగా వాదోపవాదాలు జరిగితే దెబాతేర్ అంటారు.

కింది వరస ఇంకా ఇబ్బంది. ఆర్గ్యూ ఎదురుగా అర్గుమెంతార్ రాసింది. ఆ మాటకు అక్కడ అర్థం కారణాలు చూపించి వాదించడం. మన పిల్ల ఇంటర్వ్యూలో వినయంగా ‘నేను కస్టమర్‌తో ఎప్పుడూ ఆర్గ్యూ చేయను’ అని ఈ మాటతో చెబితే, ‘కస్టమర్‌కు నేను కారణాలు చెప్పను’ అన్నట్టు అవుతుంది. గొడవ పడటానికి బ్రెజిల్‌లో బ్రిగార్ అనే వేరే మాట ఉంది. కాంప్రమైజ్‌కు ఎదురుగా ఉన్న కొంప్రొమీసు అంటే అపాయింట్‌మెంటు, లేదా ఇచ్చిన మాట. రాజీ కావాలంటే మేయు-తేర్ము. మీటింగు అజెండాను బ్రెజిల్‌లో పౌతా అంటారు, పోర్చుగల్‌లో దానికి ఇంకో పేరు. మీ అమ్మాయి రాసిన అజెందా అంటే మామూలుగా డైరీ, పనుల షెడ్యూలు.

అన్నిటికన్నా నన్ను ఆపింది చివరి వరస. ఈవెంచువల్లీ ఎదురుగా ఎవెంతువల్‌మెంచి అని ఉంది. ఇంగ్లిష్‌లో దానికి ‘చివరికి తప్పకుండా’ అనే అర్థం, పోర్చుగీసులో ‘ఒకవేళ కుదిరితే’ అని. ‘మీ కాగితాలు చివరికి పంపిస్తాం’ అని చెప్పబోయి ‘కుదిరితే పంపిస్తాం’ అని చెప్పిన ఉద్యోగిని ఏ కంపెనీ ఉంచుకుంటుంది?

ఇదంతా మీ అమ్మాయిని తప్పుపట్టడానికి రాయలేదు. ఐదు నెలల్లో ఎవరైనా ఇలాగే రాస్తారు, సరైన టీచరుంటే రెండు వారాల్లో దిద్దుకుంటారు. నా కోపం మీ మీద. రోజూ రాత్రి ఎన్ని మాటలు వచ్చాయని లెక్క అడుగుతున్నానని మీరే రాశారు. లెక్క అడిగితే పిల్లలు లెక్కకు వచ్చేదే నేర్చుకుంటారు. పట్టికలో రోజుకు ఇరవై వరసలు పెంచవచ్చు, మీకు చూపించవచ్చు. ఒక బ్రెజిల్ మనిషితో పావుగంట తడబడుతూ మాట్లాడితే చూపించడానికి ఏమీ ఉండదు. అందుకని ఆ పావుగంట మాని పట్టిక రాస్తోంది. ఆ పట్టిక ఆమె మీ కోసం రాస్తోందండీ. తోడల్లుడి కొడుకు ప్రస్తావన ఇంట్లో ఎన్నిసార్లు వచ్చిందో నేను అడగను, కానీ ఇకమీద రాకూడదు. రెండు పేజీల ఉత్తరంలో అమ్మాయికి ఏం ఇష్టమో, ఫార్మసీలో ఏ సబ్జెక్టులో చురుకో ఒక్క ముక్క లేదు. నాకు ఆ ముక్కే కావాలి.

జర్మన్ సంగతి క్లుప్తంగా చెబుతాను. నర్సింగ్, ఇంజినీరింగ్ వాళ్లకు, ఆ దేశంలో స్థిరపడాలనుకునేవాళ్లకు అది దారి చూపిస్తుంది. హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోథె సెంట్రమ్ ఉంది, జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. మీ అమ్మాయికి దేశం వదిలి వెళ్లాలనుంటే అప్పుడు మాట్లాడదాం. ఐదు నెలలు ఒక భాష మీద పెట్టిన పిల్లను ఆరో నెలలో ఇంకో భాషకు మళ్లించడం నేను ఒప్పుకోను.

ఆమె చేతిలో ఉన్న ఫార్మసీ, పోర్చుగీసు రెండిటినీ కలిపి చూడండి, నాకు ఆశ కలిగేది అక్కడే. బ్రెజిల్ లాటిన్ అమెరికాలో అతి పెద్ద మందుల మార్కెట్. డాక్టర్ రెడ్డీస్, అరబిందో లాంటి మన హైదరాబాద్ కంపెనీలు అక్కడ వ్యాపారం చేస్తున్నాయి. ఏ మందు అమ్మాలన్నా అక్కడి నియంత్రణ సంస్థ అన్వీసా అనుమతి కావాలి. లేబులు, డబ్బాలో పెట్టే కరపత్రం పోర్చుగీసులో ఉండి తీరాలి. ఆ కరపత్రాన్ని వాళ్లు బూలా అంటారు. కంపెనీల్లో ఈ పని చూసే విభాగం రెగ్యులేటరీ అఫైర్స్. అక్కడ డోసియర్ (అనుమతి కోసం సమర్పించే మందు వివరాల పత్రాలు) అంటే ఏమిటో తెలిసిన బీఫార్మసీ మనిషికి అన్వీసా వెబ్‌సైట్‌లో నోటిఫికేషన్ నేరుగా చదవడం కూడా వస్తే, అదే డిగ్రీ ఉన్న మిగతావాళ్లలో ఆమె వేరుగా కనిపిస్తుంది. కంపెనీ లోపల చాలా ఉత్తరప్రత్యుత్తరాలు ఇంగ్లిష్‌లోనే నడుస్తాయి, కాబట్టి భాష ఒక్కదాని కోసం ఎవరూ తీసుకోరు. ఫార్మసీని చూసి పిలుస్తారు, భాషను చూసి ఎంచుకుంటారు.

ఎంఫార్మసీ వద్దనడం లేదు. అందులోనూ రెగ్యులేటరీ అఫైర్స్ స్పెషలైజేషన్ ఉంది. అయితే ముందు ఏ చిన్న కంపెనీలోనైనా ట్రైనీగా ఒక ఏడాది డాక్యుమెంటేషన్ పని చేయనివ్వండి. ఆ పని తనకు పడుతుందో లేదో తనకే తెలుస్తుంది, ఫీజు కట్టేది ఆ తర్వాతే.

భాష విషయంలో బ్రెజిల్ ఉచ్చారణే పట్టుకోమనండి. బ్రెజిల్, పోర్చుగల్ ఉచ్చారణలు కలిపితే రెండూ పాడవుతాయి. కొత్త వరసలు నెల రోజులు ఆపి, ఉన్న మాటల్లో ఒక్కోదానికి ఒక సందర్భం రాసుకోమనండి: సరుకు ఆలస్యమైంది, అవతలివాళ్లు కోప్పడుతున్నారు, ఏమంటావు? ‘ఎంతెందు, మాస్...’ అంటే ‘అర్థమైందండీ, కానీ...’ అని మొదలుపెట్టి నాలుగు వాక్యాలు చెప్పి ‘కొంబినాదు’ అని ముగించగలగాలి. సరే, అలాగే అనుకుందాం అనడానికి వాళ్లు రోజూ వాడే మాట అది. వయసులో పెద్దవాళ్లను గౌరవంగా పిలవడానికి ఉ సెన్యోర్, అ సెన్యోరా ఉన్నాయి. మీరు, గారు అంటూ పెరిగిన పిల్లకు అది చెప్పించుకోవాల్సిన పని ఉండదు. వారానికి రెండుసార్లు బ్రెజిల్ ట్యూటర్‌తో అరగంట మాట్లాడే ఏర్పాటు చేయండి. ఆ డబ్బు మీరే కట్టండి, ఏం మాట్లాడిందని మాత్రం అడగకండి.

ఈలోగా ఆమె రెజ్యూమె నాకు పంపమనండి, మీరు కాదు, తననే పంపమనండి. బీఫార్మసీ, ప్రాజెక్టు పని పైన ఉండాలి. పోర్చుగీసు కింద, ఇప్పుడున్న స్థాయి ఏ2 అయితే ఏ2 అనే రాయాలి. బీ2 అని రాయమని కోర్సు వాళ్లు చెప్పినా రాయవద్దనండి. ఫోన్‌లో రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది.