ఆ తలుపు నీది కాదు నాయనా

కావలి నుంచి రాసిన తమ్ముడికి,

నీ ఉత్తరంలో ముప్పాతిక భాగం గేమ్ ఆఫ్ థ్రోన్స్ అనే ఇంగ్లీష్ సీరియల్ గురించే ఉంది. పెరిగిన ఇంటికే ద్రోహం చేసిన థియాన్‌ని చివర్లో క్షమించేసి కథని పాడుచేశారని నువ్వు, అదే కథకి ప్రాణమని మీ బావ వాదించుకుని మాటలు మానేశారు. ఎవరు రైటో చెప్పమన్నావు. మీ బావే రైటు. తను పెరిగిన కోట వింటర్‌ఫెల్‌ని ఆక్రమించి, తప్పించుకున్న ఆ ఇంటి పిల్లలు దొరక్కపోతే దిక్కులేని ఇద్దరు పసివాళ్లని చంపించి వాళ్లే వీళ్లని జనాన్ని నమ్మించినవాడు థియాన్, ఆ ఇద్దరి తరఫున అతన్ని క్షమించడానికి ఎవరూ మిగల్లేదు, కథ కూడా ఆ లెక్క చెరిపేయలేదు. కానీ ఎనిమిదో సీజన్లో అదే ఇంటికి తిరిగొచ్చి మీ తరఫున పోరాడనివ్వమని అడుగుతాడు, అప్పుడు తప్పించుకున్న పిల్లల్లో ఒకడైన బ్రాన్‌కి కాపలా కాస్తూ చచ్చిపోతాడు. అతన్ని దగ్గరికి తీసుకున్నది ఎవరు? అతని వల్ల ఇల్లు పోగొట్టుకున్న బ్రాన్ అక్క సాన్సా. పక్కనుంచి చూసినవాళ్లు కాదు.

ఇక సీరియల్ పక్కన పెట్టు. నన్ను పట్టుకున్నది నీ చివరి నాలుగు లైన్లు. మీ అన్న రొయ్యల గుంటకని అమ్మ నగలు తాకట్టు పెట్టాడు, తెల్లమచ్చ తెగులు తగిలి మొత్తం పోయింది, మూడేళ్లు మొహం చూపించలేదు, మొన్న సంక్రాంతికి నెలనెలా తీరుస్తానని వాకిట్లోకొచ్చి నిలబడితే నువ్వే తలుపేశావు. మూడేళ్లు కన్నతల్లికి ఫోన్ చేయకపోవడం పెద్ద తప్పు, అందులో నీ కోపం న్యాయమే. కానీ నగలు ఎవరివి? ఆ రోజు అమ్మని ఒక్క మాట అడిగావా? మా అమ్మ పరువు కోసమే చేశానని రాశావు, ఆమె లోపల గదిలో ఉండగానే ఆమె తరఫున తీర్పు చెప్పడం పరువు కాపాడటం అని నేను అనుకోను. పెద్దకొడుకు వచ్చి వెళ్లాడని ఆమెకి పక్కింటివాళ్లు చెప్పాల్సి వచ్చింది.

ఇంకో మాట కూడా రాశావు, నువ్వు పట్టించుకోలేదు గానీ. ఈసారి రొట్టెల పండగకి అమ్మ నెల్లూరు వెళ్లి, స్వర్ణాల చెరువులో దిగి ఎవరి దగ్గరో రొట్టె పట్టుకుందట. అక్కడ ఒక్కో కోరికకి ఒక్కో రొట్టె కదా, ఏ రొట్టో నీకు తెలీదట. ఇల్లు కోసమా, ఆరోగ్యం కోసమా, మరి దేనికోసమా, ఇంటికొచ్చాకైనా అడగాలి కదా నాయనా!

బావతో మాటలు రేపు కలుపుకోవచ్చు. ఈ రాత్రి అన్నం తిన్నాక అమ్మ పక్కన కూర్చుని ఆ రొట్టె సంగతి అడుగు. అన్నకి ఫోన్ చేయాలో వద్దో, చేస్తే తాకట్టు రశీదు తీసుకుని రమ్మనాలో ఆమే చెబుతుంది. నువ్వు నంబరు కలిపి ఇవ్వు, చాలు.