పొద్దెక్కాక మొదలుపెట్టవలసిన పనులు

ఆమదాలవలస

చిరంజీవి సౌభాగ్యవతి సుజాతకు మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

చెన్నై నుంచి బదిలీ మీద విజయనగరం వచ్చాక మీకు ఇదే మొదటి చలికాలం. నెలగంట పెట్టిన వారంలోనే పిల్లలిద్దరికీ ముక్కులు కారుతున్నాయనీ, కిటికీలన్నీ మూసి రెండేసి స్వెట్టర్లు తొడిగినా తగ్గుముఖం పట్టలేదనీ మొన్న ఫోనులో నువ్వు చెప్పినప్పుడే నాలుగు మాటలు చెబుదామనుకున్నాను గానీ, అవతల చంటివాడి ఏడుపుతో నీకు ఏదీ చెవికెక్కే స్థితి లేదు. అందుకే తీరుబడిగా రాస్తున్నాను. ఆరోగ్య ఉపకేంద్రంలో ఏఎన్‌ఎం నర్సుగా పనిచేసినన్నాళ్ళూ తల్లులకు చెప్పిన మాటలే ఇవి. కొన్ని మీ అత్తగారికి రుచించకపోవచ్చు. వాటిని ఎలా నెగ్గుకురావాలో కూడా చెబుతాను.

మన జిల్లాల చలి రోజంతా ఉండే చలి కాదు. తెల్లవారుజామున మంచు కమ్ముకుంటుంది, తొమ్మిదింటికల్లా ఎండ బాగా పడుతుంది, మధ్యాహ్నం స్వెట్టరు ఉంటే చెమట పడుతుంది, సాయంత్రం ఐదున్నర దాటేసరికి చీకటి పడి మళ్ళీ చలి మొదలవుతుంది. పిల్లల స్నానం, నూనె, తలంటు, ఆట, బయటి తిరుగుడు, వాళ్ళ బట్టల ఉతుకు అన్నీ ఈ నడిమి ఏడెనిమిది గంటల్లోకి జరుపుకోగలిగితే నీ కష్టంలో సగం తీరినట్టే. చెన్నైలో ఆరింటికే పిల్లవాడికి స్నానం చేయించే అలవాటును ఇక్కడికి తెచ్చుకున్నావు. సంక్రాంతి వెళ్ళేదాకా దాన్ని పక్కన పెట్టు. జలుబు వచ్చేది చల్లగాలి వల్ల కాదు, వైరస్ వల్ల. మూసిన గదిలో అయిదుగురు కలిసి పడుకుంటే ఒకరి దగ్గు మరొకరికి అంటుతుంది. పదింటి నుంచి నాలుగింటి దాకా కిటికీలు బార్లా తెరిచి ఉంచు, బొంతలూ దిండ్లూ డాబా మీద ఎండలో పడెయ్యి. రాత్రి కూడా పిల్లల మీదకు గాలి కొట్టని వైపు కిటికీ ఒకటి ఓరగా ఉండాలి.

స్నానం సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే తప్పులు ఎక్కువగా జరిగేది అక్కడే. ముందుగా తువ్వాలు, లంగోటీ, చొక్కా, టోపీ అన్నీ ఎండ పడే చాప మీద పరిచి పెట్టుకో; తడి పిల్లవాడిని చంకనేసుకుని బీరువా వెతుక్కోకూడదు. నువ్వులనూనె గానీ కొబ్బరినూనె గానీ గిన్నెతో వేడినీళ్ళలో పెట్టి గోరువెచ్చన చేసి, పది పదకొండు గంటల మధ్య నీరెండలో ఒళ్ళంతా మెత్తగా రాయి. ఆవనూనె కొందరు పిల్లల చర్మాన్ని మండిస్తుంది కాబట్టి వద్దు. చెవుల్లో, ముక్కుల్లో, బొడ్డులో నూనె చుక్కలు వేయడం మన వైపు పాత అలవాటు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి నిమోనియా తెచ్చిన సందర్భాలున్నాయి కాబట్టి ఆ ఒక్క విషయంలో ఎవరి మాటా వినకు. బకెట్టులో ముందు చన్నీళ్ళు పోసి, ఆ తర్వాత వేడినీళ్ళు కలుపు. వేడినీళ్ళు ముందు పోసి చన్నీళ్ళ కోసం అటు తిరిగిన క్షణంలోనే పిల్లలు చేతులు ముంచేస్తారు. నీటి వేడిని చేత్తో కాకుండా మోచేత్తో చూడు. అద్దె ఇల్లు కాబట్టి హీటరు రాడ్డు వాడుతున్నామన్నావు. అది పనిచేస్తున్నంతసేపు ఆ గది తలుపు బయట గడియ ఉండాలి, స్విచ్ ఆపి ప్లగ్గు పీకాకే నీళ్ళు ముట్టుకోవాలి. స్నానం ఐదు నిమిషాలకు మించనవసరం లేదు. పిల్లవాడికి రోజు విడిచి రోజు పోసి, మిగతా రోజు తడిగుడ్డతో తుడిచినా ఏ లోటూ రాదు.

బట్టల విషయం రెండు మాటల్లో తేలిపోతుంది. నీకు ఎన్ని పొరలు కావాలో పిల్లలకు అంతకంటే ఒకటి ఎక్కువ చాలు. లోపల నూలు బట్ట, పైన ఉన్ని. అరిచేతులు చల్లగా ఉన్నాయని కంగారుపడకు, మెడ వెనక చెయ్యి పెట్టి చూడు, అక్కడ చెమట పట్టి ఉంటే ఒక పొర తీసెయ్యి. ఏడాది నిండని పిల్లవాడు పడుకున్నప్పుడు టోపీ, ముఖం మీదకు జారే రగ్గు రెండూ ప్రమాదమే. కాళ్ళు మూసి ఉండే నూలు జుబ్బా తొడిగి వెల్లకిలా పడుకోబెట్టు.

పొగ దగ్గరకు వద్దాం. చలి అని మీ పెరట్లో బొగ్గుల కుంపటి రాజేసి రాత్రి గదిలో పెడుతున్నారని విన్నాను. అది మాత్రం ఈ రోజుతో ఆగిపోవాలి. మూసిన గదిలో బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పసివాడి తలకు సాంబ్రాణి పట్టడం కూడా మానమనే చెబుతాను, కానీ మీ అత్తగారిని నొప్పించనవసరం లేదు. పిల్లవాడు డాబా మీద ఉన్న సమయంలో హాల్లో సాంబ్రాణి వేయమనండి, అరగంట తలుపులు తెరిచి పొగ పోయాక పిల్లవాడిని లోపలికి తీసుకురండి. ఆవిడ ముచ్చటా తీరుతుంది, వాడి ఊపిరితిత్తులూ బాగుంటాయి. దోమల చుట్ట కంటే దోమతెర మంచిది. ఇవి వరి నూర్పుల రోజులు కాబట్టి, మీరు మీ మామగారి ఊరు వెళ్ళినప్పుడు కళ్ళం దగ్గరికి పిల్లలను తీసుకుపోకు; ఆ ధాన్యపు దుమ్ముకు పెద్దదానికి పిల్లికూతలు మొదలైతే నాలుగు రాత్రులు మీకు నిద్ర ఉండదు.

ఇంటి వైద్యంలో మంచీ చెడూ రెండూ ఉన్నాయి. పెద్దదానికి మిరియాల చారు పోసిన వేడి అన్నం, తులసి వేసి కాచిన నీళ్ళు ఇవ్వవచ్చు. చిన్నవాడికి మాత్రం ఏడాది నిండేదాకా తేనె నాలికకు రాయవద్దు, ఉగ్గుగిన్నెతో ఆముదం పట్టవద్దు. కర్పూరం కలిసిన బామ్ రెండేళ్ళలోపు పిల్లల ఛాతీకి రాయకూడదు, కర్పూరం ఒంట్లోకి చేరితే ఫిట్స్ రావచ్చు. గిన్నెలో మరిగే నీళ్ళ ఆవిరి పట్టబోయి పిల్లలు కాలిపోవడం నేను చాలాసార్లు చూశాను. ముక్కు దిబ్బడకు మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు పాలిచ్చే ముందు చెరో ముక్కులో వేస్తే చాలు. దగ్గు సిరప్ కోసం తొందరపడకు. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లో కల్తీ సిరప్ తాగి పిల్లలు చనిపోయినప్పుడు కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దనీ, ఐదేళ్ళలోపు వారికి కూడా మామూలుగా ఇవి అక్కర్లేదనీ డాక్టర్లకు సూచించింది. పాత సీసాలు ఇంట్లో ఉంటే పారెయ్యి.

దగ్గుకు చప్పుడు ఉంటుంది కాబట్టి ఇంటిల్లిపాదీ దగ్గునే పట్టించుకుంటారు. నువ్వు చూడవలసింది ఊపిరిని. వాడు ఏడవకుండా, పాలు తాగకుండా, నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట మీద చూపు నిలిపి, ఫోనులో నిండా అరవై సెకన్లు పెట్టుకుని పొట్ట ఎన్నిసార్లు పైకి లేచిందో లెక్కపెట్టు. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించకు, పసివాళ్ళ ఊపిరి ఒక్క తీరున నడవదు. రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకు నిమిషానికి 50 గానీ ఆ పైన గానీ ఉంటే, ఏడాది నుంచి ఐదేళ్ళ పిల్లలకు 40 గానీ ఆ పైన గానీ ఉంటే నిమోనియా అని అనుమానించి ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగలేకపోతున్నా, తాగినదంతా కక్కేస్తున్నా, లేపినా లేవకుండా మగతగా ఉన్నా, పెదవులు నీలంగా మారినా తెల్లవారనిద్దామని కూర్చోకు. 108కి ఫోను చేసి పెద్దాసుపత్రికి బయలుదేరు. అన్నట్టు, వాడి టీకా కార్డు తీసి చూడు. నిమోనియా టీకా పీసీవీ ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెలలో ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. వాడికిప్పుడు ఎనిమిదో నెల. బదిలీ గొడవలో ఏదైనా తప్పిపోయి ఉంటే మీ వీధి ఆశా కార్యకర్తతో చెప్పు, తొమ్మిదో నెల డోసు ఎప్పుడో కూడా అడుగు.

చలికాలంలో విరేచనాలు కూడా ఉంటాయి. ఇంట్లో నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంచు, పాలు ఆపకు.

పెద్దదాన్ని బడికి స్కూటరు ముందు నిలబెట్టి తీసుకెళ్తున్నారట. మంచులో ఆ ఎదురుగాలి అంతా దాని ముఖానికే. పైగా నాలుగేళ్ళలోపు పిల్లలను బండి నడిపేవారికి బెల్టుతో కట్టి, హెల్మెట్ పెట్టి, గంటకు 40 కిలోమీటర్లు మించకుండా నడపాలని 2023 నుంచి రూలు ఉంది. బడివాళ్ళను అడిగితే ఈ నెలన్నర అరగంట ఆలస్యంగా పంపడానికి ఒప్పుకుంటారు. అడగడానికి మొహమాటపడకు, అది నర్సరీ తరగతే గాని కలెక్టరు పరీక్ష కాదు.

భోగికి ఊరు వెళ్తారు కాబట్టి అది కూడా చెబుతాను. తెల్లవారుజామున నాలుగింటికి పిల్లల తలంటు వద్దు, పొద్దెక్కాక పది గంటలకు పోసినా అది భోగి స్నానమే. పెద్దదానికి నైలాన్ పరికిణీ కాకుండా నూలు గౌను తొడుగు. పిడకల దండను దాని చేతికిచ్చి మంటలో వేయించాలనుకుంటే మీ ఆయన దాన్ని ఎత్తుకుని వేయించాలి. మంటలో టైరు ముక్కలూ ప్లాస్టిక్కూ వేసే కుర్రకారు ఉంటే పిల్లలను పొగ రాకుండా, గాలి వచ్చే వైపున కూర్చోబెట్టు. ఎక్కడైనా కాలితే కుళాయి కింద ఇరవై నిమిషాలు నీళ్ళు పోస్తూ ఉండాలి, పేస్టూ సిరా పూయకూడదు. సాయంత్రం భోగిపళ్ళు పోశాక అసలు పని ఉంది. రేగిపళ్ళు, నానిన శనగలు, చెరకు ముక్కలు, చిల్లర నాణేలు మంచం కిందకూ చాప మడతల్లోకీ దొర్లిపోతాయి. పేరంటాళ్ళు వెళ్ళగానే చీపురుతో ఊడ్చి, నువ్వు మోకాళ్ళ మీద కూర్చుని పాకే పిల్లవాడి కంటి ఎత్తు నుంచి మళ్ళీ వెతుకు, ఎందుకంటే వాడు దొరికినదల్లా నోట్లో పెట్టుకునే వయసులో ఉన్నాడు. పెద్దదానికి కూడా వేరుశనగ పలుకులు అలాగే ఇవ్వకు, దంచి బెల్లంతో ఉండ చేసి ఇవ్వు.

రథసప్తమికి అరసవల్లి రావాలని ఉందన్నావు. అర్ధరాత్రి నుంచి మొదలయ్యే ఆ వరుసల్లో చంటిపిల్లాడితో నిలబడవద్దు. ఆ తోపులాట తగ్గిన మరుసటి వారంలో ఒక మామూలు రోజు పదకొండింటికి రండి, దర్శనం అయ్యాక మా ఇంట్లో భోజనం చేద్దురుగాని.

ఆదివారం మీ మావయ్య చేత చోళ్ళు (రాగులు) పంపుతున్నాను. కడిగి రాత్రంతా నానబెట్టి, తడి నూలుగుడ్డలో మూటగట్టి వంటింట్లో వెచ్చగా ఉండే మూల పెట్టు. వేసవిలో ఒక్క రోజులో వచ్చే మొలక ఈ కాలంలో రెండు రోజులు తీసుకుంటుంది, గుడ్డ ఆరిపోకుండా చూసుకుంటూ ఉండు. మొలకలు గోరు పొడవు వచ్చాక నీడలో ఆరబెట్టి, సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, మరపట్టించి జల్లించు. రెండు చెంచాల పిండిని ముందు చన్నీళ్ళలో కలిపి ఉండలు లేకుండా చేసుకుని తర్వాత ఉడికించు. వాడికి ఉప్పూ బెల్లమూ వేయకు, మాగిన అరటిపండు చిదిమి కలుపు; పెద్దదానికి బెల్లం, నెయ్యి వేసి ఇవ్వవచ్చు. పిండి పదిహేను రోజులకు సరిపడా మాత్రమే పట్టించుకో, ఈ మంచుకు డబ్బాలో చెమ్మ చేరి ముక్క వాసన వస్తుంది. చిన్నవాడి ఊపిరి లెక్క రేపు పొద్దున ఒకసారి చూసి నాకు ఫోను చెయ్యి.

ఇట్లు
ఆశీస్సులతో
నీ మేనత్త