సాధనా ఫారెస్ట్‌కి వెళ్తున్న చిన్నాకి

చిన్నా,

జనవరిలో మూడు నెలలకి పుదుచ్చేరి దగ్గర ఆరోవిల్ అనే ఊరి పక్కన, బీడు నేలలో అడవి పెంచే సాధనా ఫారెస్ట్‌కి వాలంటీరుగా వెళ్తున్నావని అమ్మ చెప్పింది. ఆవిడ టెన్షనంతా నీ తిండి గురించి. నాదేమో నీ టాయిలెట్ గురించి. నవ్వకు, అక్కడ ఉండి వచ్చినదాన్ని.

అది డ్రై టాయిలెట్. ఫ్లష్ ఉండదు. పని అయ్యాక డబ్బాతో రంపపు పొట్టు చల్లాలి, కడుక్కోవడం పక్కన వేరేచోట. పొట్టు తడిని పీల్చుకుని గాలి ఆడనిస్తేనే అది ఎరువవుతుంది. నీళ్లు పడ్డాయా, కుళ్లి కంపే. నేను వెళ్లిన రెండోరోజు అలవాటు కొద్దీ చెంబెడు నీళ్లూ అందులోనే కుమ్మరించాను. వారం పాటు ఆ దారిన ముక్కు మూసుకోకుండా ఎవరూ పోలేదు. ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు, అదే ఎక్కువ సిగ్గేసింది. నేనే వెళ్లి శుభ్రం చేసే డ్యూటీ అడిగి తీసుకున్నా. నువ్వు మాత్రం తప్పు చేసేదాకా ఆగకు, మొదటి వారంలోనే అడుగు.

చేతులు కడుక్కోవడానికి కుళాయి వెతక్కు. అడుగున చిల్లు పెట్టిన గ్లాసు వేలాడుతుంటుంది. అందులో కాసిని నీళ్లు పోస్తే దారమంత సన్నగా కారతాయి, అవి ఆగేలోగా రెండు చేతులూ కడగాలి. మొదట చిరాకేస్తుంది. నాలుగోరోజుకి నీళ్లు మిగులుతాయి. గిన్నెలు బూడిదతో తోముతారు. ఈ మాట అమ్మమ్మతో అంటే, దీనికి అంత దూరం పోవాలా అంటుంది! మామూలు సబ్బు, షాంపూ వద్దు, వాడిన నీళ్లు మళ్లీ నేలలోకే పోతాయి. కుంకుడుకాయలు పట్టుకెళ్లు.

మన వైపు తొలకరికి నాటతాం కదా, అక్కడ అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నువ్వు వెళ్లేసరికి అది అయిపోతుంది. కాబట్టి నీ వంతుకి మొదళ్లకి ఎండుటాకులు కప్పడం, నీళ్లు మోయడం, గట్లు సరిచేయడమే ఎక్కువ వస్తాయి. చెట్లు నాటలేదని మొహం ముడుచుకోకు. 1968లో ఆరోవిల్ మొదలైనప్పుడు అదంతా వానకి కోసుకుపోయిన బోడి ఎర్రనేల. 2003లో మొదలైన సాధనా ఫారెస్ట్ 70 ఎకరాల్లో కూడా గట్లు, కందకాలు వేసి వాన నీటిని నేలలోకి దింపారు కాబట్టే మొక్కలు బతికాయి.

కరెంటు సోలారు. ఫోను మధ్యాహ్నమే చార్జి చేసుకో, రాత్రి బ్యాటరీ అందరిదీ.

ఇక తిండి. పూర్తిగా వీగన్, అంటే పాలు, పెరుగు, నెయ్యి ఏవీ ఉండవు. చివర్లో పెరుగన్నం పడకపోతే భోజనమే కాదనేవాడివి, పదిరోజులు అవస్థ పడతావు. ఆవకాయలో పాలుండవు కాబట్టి స్టీలు డబ్బాలో నిశ్చింతగా తీసుకెళ్లు. కందిపొడి కూడా. నీకొక్కడికే దాచుకోకు, అందరి మధ్యా పెట్టు. పచ్చడి దగ్గర కలిసిన స్నేహాలు నాకు ఇప్పటికీ ఉన్నాయి. ప్లాస్టిక్ కవర్లు మాత్రం ఇంట్లోనే వదిలెయ్.

టార్చి మరిచిపోకు. రాత్రి టాయిలెట్‌కి వెళ్లేటప్పుడు ఫోను చూసుకుంటూ కాదు, నేల చూసుకుంటూ నడువు. పాములుంటాయి. ఈ ముక్క మాత్రం అమ్మకి చదివి వినిపించకు.

నీ పెద్దమ్మ