యుద్ధ నియమాలపై పరిశోధన కెరీర్ అవుతుందా?

ప్రశ్న: లా మూడో సంవత్సరం చదువుతున్నాను. సాయుధ సంఘర్షణల చట్టంపై పరిశోధన చేసి, యూనివర్సిటీలో పాఠాలు చెప్పాలని ఉంది. "యుద్ధంలో చట్టాన్ని ఎవరు పట్టించుకుంటారు? నీకు ఉద్యోగం ఎవరిస్తారు?" అంటున్నారు ఇంట్లో. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఉద్యోగం సంగతి. ఈ ఒక్క సబ్జెక్టుకే పెట్టిన అధ్యాపక పోస్టులు ఎక్కడైనా తక్కువే. కాబట్టి అంతర్జాతీయ చట్టం, మానవ హక్కులు, క్రిమినల్ లా కూడా చెప్పగలిగేలా ఎల్‌ఎల్‌ఎం చేయండి. పీహెచ్‌డీకి మాత్రం చిన్న ప్రశ్నే ఎంచుకుని లోతుగా వెళ్లండి.

ఎలాంటి ప్రశ్న అంటారా? యుద్ధ నియమాలు చెప్పే జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్‌లో 51వ అధికరణ తీయండి. దాడి సైనిక స్థావరం మీదే అయినా, పౌరులకు జరగబోయే నష్టం ఆశించిన సైనిక ప్రయోజనాన్ని మించిపోకూడదంటుంది. అంటే ఎంతమంది చనిపోయారన్న లెక్క ఒక్కటే చాలదు, దాడికి ముందు కమాండర్ చేతిలో ఏ సమాచారం ఉందో కూడా చూడాలి. శత్రుసైన్యం వాడుతున్న వంతెనను కూల్చారనుకోండి. ఆ దారి తెగి, వారం తర్వాత ఆస్పత్రికి మందులు అందక పోయిన ప్రాణాలను ఈ లెక్కలో కలపాలా? కలిపితే ఎంత దూరం వరకు? ఈ వాదన ఇంకా తెగలేదు. పరిశోధకుడికి పని ఇక్కడే దొరుకుతుంది.

ఇక ఇంట్లోవాళ్ల మొదటి మాట. 1949 నాటి నాలుగు జెనీవా ఒప్పందాలను ప్రపంచ దేశాలన్నీ ఒప్పుకున్నాయి. ఉల్లంఘించేవాళ్లు కూడా సాధారణంగా "మాకు చట్టం వర్తించదు" అనరు, "మేం కొట్టింది సైనిక స్థావరాన్నే" అంటారు. ఆ మాట నిలుస్తుందో లేదో తేల్చడానికి చట్టం క్షుణ్ణంగా తెలిసినవాళ్లు కావాలి. నా దృష్టిలో ఇది చాలా అవసరమైన పని. అయితే బాధితుల వాంగ్మూలాలు రోజుల తరబడి చదవాల్సి వస్తుంది. అది మనసును నలిపేస్తుంది, ముందే తెలుసుకుని దిగండి.

ఫ్రెంచ్ ఇప్పుడే మొదలుపెట్టండి, జెనీవాలో బాగా పనికొస్తుంది. యుద్ధ నియమాలపై విద్యార్థులకు జరిగే జీన్ పిక్టే పోటీకి మీ కాలేజీ నుంచి జట్టు వెళ్లగలదేమో అడగండి. కల్పిత యుద్ధంలో సైనిక న్యాయ సలహాదారుగానో, రెడ్‌క్రాస్ ప్రతినిధిగానో అప్పటికప్పుడు వాదించాలి.

ఈ సెలవుల్లో మాత్రం ఒక పని చేయండి. మాజీ యుగోస్లావియాలో జరిగిన యుద్ధ నేరాలను విచారించిన అంతర్జాతీయ ట్రిబ్యునల్ అప్పీళ్ల విభాగం 1995లో టాడిచ్ కేసులో ఇచ్చిన నిర్ణయం చదవండి. అంతర్యుద్ధానికి ఏయే నియమాలు వర్తిస్తాయో అందులో చర్చించారు. మీరు ఒప్పుకోని చోటు ఒకటి పట్టుకుని, కారణాలతో నాలుగు పేజీలు రాసి మీ ప్రొఫెసర్‌కు చూపించండి.