మందుల ఏజెన్సీలో ఏఐ కాపలా: సౌజన్యకు పెదనాన్న ఉత్తరం

చి. సౌజన్యకు పెదనాన్న ఆశీస్సులు.

ఏఐ సెక్యూరిటీ ప్యాకేజీ కొనమని ఎవరో కొటేషన్ ఇచ్చారని రాశావు. ఆరు సిస్టంలు, లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ నడిచే ఒక సర్వర్ ఉన్న మందుల ఏజెన్సీలో అంతకంటే ముందు చేయాల్సిన పనులున్నాయమ్మా. వాటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు.

మొదట విండోస్ చూడు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇంకా దాని మీదే నడుస్తున్న సిస్టం ఉంటే ముందు దాన్ని మార్చు. 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) వచ్చినప్పుడు దాన్ని ఆపే అప్‌డేట్ మార్చిలోనే విడుదలై ఉంది. వేసుకోని చోట్లే అది పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి.

ఇక ఏఐ సంగతి. విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్ యాంటీవైరస్‌లోనే అది ఉంది. మునుపెన్నడూ చూడని ఫైలు ఎదురైతే దాని లక్షణాలను మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌కు పంపుతుంది, అక్కడి ఏఐ, అంటే మెషిన్ లెర్నింగ్ మోడల్, క్షణాల్లో తేల్చి చెబుతుంది. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో మేనేజ్ సెట్టింగ్స్‌కు వెళ్లు. రియల్ టైమ్, క్లౌడ్ డెలివర్డ్, ట్యాంపర్ ప్రొటెక్షన్ మూడూ ఆన్‌లో ఉండాలి. క్రాక్ సాఫ్ట్‌వేర్ (లైసెన్స్ లేని దొంగ కాపీ) వేసేటప్పుడు వీటినే ఆపేయమంటారు. ఒకసారి ఆపాక మళ్లీ ఆన్ చేయడం ఎవరికీ గుర్తుండదు. నీ ఆఫీసులో క్రాక్ చేసినవి ఏవి ఉన్నా తీసేయించు, ఈ విషయంలో మొహమాటం వద్దు.

అక్కడే కిందికి వెళ్తే కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ కనబడుతుంది. రాన్సమ్‌వేర్ మీద చిన్న ఆఫీసుకు ఇంతకంటే పనికొచ్చే సెట్టింగ్ లేదని నా అభిప్రాయం. దాన్ని ఆన్ చేసి, ప్రొటెక్టెడ్ ఫోల్డర్స్‌లో ట్యాలీ డేటా ఫోల్డర్‌ను చేర్చు. అప్పుడు నమ్మకం లేని ప్రోగ్రామ్ ఏదీ ఆ ఫైళ్లను మార్చలేదు. అయితే ఒక్కోసారి ట్యాలీనే ఆపేస్తుంది, ఎంట్రీ సేవ్ కాక బిల్లింగ్ కుర్రాడు కంగారుపడతాడు. వెంటనే సెట్టింగ్ తీసేయకుండా, బ్లాక్ హిస్టరీలో పేరు చూసి ఆ ఒక్క ప్రోగ్రామ్‌కే అనుమతి ఇవ్వు. కొందరు విసుగొచ్చి డి డ్రైవ్ మొత్తాన్ని స్కాన్ నుంచి మినహాయిస్తారు. అప్పుడు దొంగ ప్రోగ్రామ్ హాయిగా అక్కడే కూర్చుంటుంది. ఇంకో మాట, వేరే కంపెనీ యాంటీవైరస్ ఎక్కిస్తే డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది, ఈ ఫోల్డర్ రక్షణ కూడా పోతుంది. రెండింటిలో ఏది ఉంచుకోవాలో ముందే తేల్చుకో.

డబ్బు పెట్టదలిస్తే డిఫెండర్ ఫర్ బిజినెస్ లాంటిది చూడు, 300 మంది వరకు ఉన్న సంస్థల కోసం చేసింది. ఒక సిస్టంలో తేడా కనబడితే దాన్ని నెట్‌వర్క్ నుంచి విడదీయొచ్చు. మొదటి వారాల్లో ఉత్తుత్తి అలర్టులు ఎక్కువే వస్తాయి. రోజూ షాపు తెరవగానే వాటిని చూసే మనిషి ఎవరో పేరు పెట్టి నిర్ణయించు. చూసేవాళ్లు లేకపోతే కొనకు.

చాట్ చేసే ఏఐ లాగ్‌లు (సిస్టంలో జరిగినవి నమోదయ్యే రికార్డులు) చదవడానికి బాగా ఉపయోగం. సర్వర్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సెక్యూరిటీ లాగ్‌లో 4625 నంబరుతో ఫిల్టర్ చెయ్. అవి తప్పు పాస్‌వర్డ్‌తో చేసిన ప్రయత్నాలు. ముందు నువ్వే ఒకసారి తప్పు పాస్‌వర్డ్ కొట్టి, అది నమోదవుతోందో లేదో చూడు. కాకపోతే ఆడిట్ పాలసీలో లాగాన్ ఫెయిల్యూర్ ఆన్ చేయించు. లాగ్ సైజు మామూలుగా 20 ఎంబీయే, నిండితే పాతవి చెరిగిపోతాయి, 200కి పెంచు. వారానికోసారి ఫైలుగా తీసి, మనుషుల పేర్లు మార్చి, ఏఐకి ఇచ్చి, "గంటలవారీగా, ఐపీ అడ్రసువారీగా లెక్క కట్టు, షాపు మూసిన వేళల్లోవి విడిగా చూపించు" అని అడుగు. అర్ధరాత్రి వందల ప్రయత్నాలు కనబడ్డాయంటే ఇంటి నుంచి ట్యాలీ చూసుకోవడానికి రౌటర్‌లో 3389 పోర్టు (బయటి నుంచి సిస్టంను నడిపే రిమోట్ డెస్క్‌టాప్ దారి) ఎవరో తెరిచి ఉంటారు. దాన్ని మూయించి వీపీఎన్ (అనుమతి ఉన్నవాళ్లకే తెరుచుకునే భద్రమైన దారి) పెట్టించు. అదే లాగ్‌లో 1102 నంబరు కనబడితే ఇంకా గట్టిగా ఆరా తియ్యి, ఎవరో లాగ్‌నే చెరిపేశారని దాని అర్థం.

అనుమానపు మెయిల్ గురించి కూడా ఏఐని అడగొచ్చు. కానీ అది "పర్వాలేదు" అన్నంత మాత్రాన లింకు నొక్కకు. ఏఐని తప్పుదారి పట్టించే ఆదేశాలను మెయిల్లోనే దాచి పంపేవాళ్లున్నారు. పార్టీల లెడ్జర్లు, ఆధార్ కాపీలు, పాస్‌వర్డులు మాత్రం దానికి ఎప్పుడూ ఇవ్వకు.

డబ్బు విషయంలో ఏఐ మాటకు విలువ ఇవ్వకు. కంపెనీ నుంచి "మా బ్యాంకు ఖాతా మారింది" అని మెయిల్ వస్తే, అందులో ఇచ్చిన నంబరుకు కాకుండా పాత ఇన్వాయిస్ మీదున్న నంబరుకు ఫోన్ చెయ్. గొంతు విని నమ్మే రోజులు పోయాయి. 2024లో అరప్ అనే ఇంజనీరింగ్ సంస్థ హాంకాంగ్ ఉద్యోగి, వీడియో కాల్‌లో కనబడింది పైఅధికారులేనని నమ్మి దాదాపు 2.5 కోట్ల డాలర్లు పంపేశారు. అవన్నీ డీప్‌ఫేక్ ముఖాలు, అంటే ఏఐతో సృష్టించిన నకిలీవి. నీ గొంతుతో ఫోన్ వచ్చినా సరే, తనే తిరిగి నీ నంబరుకు చేసి అడిగాకే డబ్బు పంపమని అకౌంటెంటుకు చెప్పు. అలా అడిగినందుకు నువ్వు విసుక్కోకూడదు.

బ్యాకప్‌కు రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు కొను, ఒకటి మార్చి ఒకటి వాడు. కాపీ అవగానే ఊడదీసి బీరువాలో పెట్టు, తగిలించి వదిలేస్తే రాన్సమ్‌వేర్ దాన్నీ లాక్ చేస్తుంది. నెలకోసారి వేరే సిస్టంలో రీస్టోర్ చేసి క్లోజింగ్ బ్యాలెన్స్ సరిపోయిందో చూడు.

ఏదైనా జరిగితే ఏం చేయాలో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించు. ముందు నెట్ కేబుల్ పీకాలి, వైఫై ఆపాలి. ఫార్మాట్ చేయకూడదు, స్క్రీన్ ఫోటో తీయాలి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును అవతలి ఖాతాలో ఆపించే అవకాశం అంత ఎక్కువ. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటనల గురించి 6 గంటల్లోగా వారికి తెలపాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి.

సెట్టింగులు మార్చే పని ఆదివారం పెట్టుకో, ముందు ఒక బ్యాకప్ తీశాకే మొదలుపెట్టు. మొదటి వారం లాగ్‌లో అర్థం కానిది ఏముంటే అది నాకు పంపు, కూర్చుని చూద్దాం.

ప్రేమతో,
పెదనాన్న